ఫికర్ సారు అడిగిన గంటలు

ఆయన కరెంటుతో పోలేదు. ఈ మాట ముందే రాయడం ఎందుకంటే, కబురు విన్న ప్రతివాళ్ళూ నన్ను మొదట అడిగింది అదే. "కరెంటేనా మేడం?" కాదు. గుండె. హన్మకొండలో ఒక దవాఖానలో, మంచం మీద, పొద్దుటి టీ తాగిన తర్వాత పోయారు. తేదీ, వేళ నా దగ్గర రాసి ఉన్నాయి కానీ ఇక్కడ వాటితో పనిలేదు. బతికినంత కాలం ఒకదానికి భయపడి చివరికి ఇంకోదానితో పోయాడని కొందరు నవ్వు ఆపుకుంటూ మాట్లాడారు. నాకు నవ్వు రాలేదు. ఆయన భయమంతా ఇంకొకరి పిల్లల గురించి. వాళ్ళు ఇంకా ఉన్నారు. స్తంభాల దగ్గరికి పోతూనే ఉన్నారు.

పదకొండో రోజు భోజనానికి వెళ్ళి వచ్చిన మర్నాడు నాకు ఒక కవరు వచ్చింది. నేను ఒక శిక్షణ సంస్థలో అన్ని ట్రేడుల పిల్లలకూ వర్క్‌షాపు లెక్కలు చెప్పి రిటైరైనదాన్ని. అదే సంస్థలో ఆయన ఎలక్ట్రీషియన్ ట్రేడు చెప్పేవారు. ఇంటి వైరింగు, స్తంభం నుంచి ఇంటికి సర్వీసు తీగ లాగడం నేర్పే ఆరు నెలల కోర్సు ఒకటి మా కళ్ళ ముందే పుట్టింది. దాని పాఠ్యప్రణాళిక మార్చినప్పుడల్లా గంటల కూడిక సరిచూడటానికి ఇప్పటికీ నాకు పంపుతారు. కవరులో ఉన్నది కొత్త చిత్తుప్రతి.

పాత ప్రతిలో ఒక అంశం ఉండేది. లైనులో కరెంటు లేదని నిర్ధారించుకోవడం. దాని ఎదురుగా ఇరవై గంటలు, దాని కింద ఒక వాక్యం: ప్రతి విద్యార్థి స్వయంగా చేసి చూపాలి, చూపనివారు ఉత్తీర్ణులు కారు. కొత్త ప్రతిలో అంశం ఉంది. దాని ఎదురుగా ఒక గంట ఉంది. కింద వాక్యం లేదు. ఆ చోట "వీడియో పాఠం" అని ఉంది.

కాగితం బల్ల మీద పెట్టి లేచి మంచినీళ్ళు తాగాను. అప్పటి నుంచి భయంగానే ఉంది. ఆ భయం ఎందుకో చెప్పాలంటే ఆయన ఎలాంటి మనిషో చెప్పాలి.

ఎప్పుడూ ఏదో ఒక ఫికర్, అంటే దిగులు, పడుతుంటారని పిల్లలు ఆయన్ని ఫికర్ సారు అనేవారు. చాటున కాదు, ఎదురుగానే. ఆయన పలికేవారు కూడా. ఎండాకాలంలోనూ చొక్కా చేతులు మణికట్టు దాకా గుండీలు పెట్టుకునేవారు. వేలికి ఉంగరం లేదు, మెడలో గొలుసు లేదు. చేతి గడియారం గేటు దగ్గరే విప్పి జేబులో వేసుకునేవారు. దేన్నయినా పట్టుకునే ముందు కుడి చేతి వేళ్ళ వెనక వైపుతో ఒకసారి తాకేవారు. ఫ్రిజ్జు, కూలరు, ఇనుప గేటు, బోరు మోటారు పెట్టె, ఏదైనా సరే. పిల్లవాడికి జ్వరం ఉందేమోనని తల్లి నుదురు తాకినట్టు ఉండేది. అరచేత్తో తాకితే కరెంటుకు వేళ్ళు ముడుచుకుని దాన్నే పట్టేస్తాయట, వెనక వైపైతే చెయ్యి విదిలించుకుంటుందట. కానీ పిల్లలు ఎవరైనా అలా చేస్తే ఊరుకునేవారు కాదు.

"నేను జేస్తాన గని మీరు చెయ్యొద్దు. ఇది బుద్ధి తక్కువ పని. నాకు పోతలేదు ఈ రోగం."

మా ఇంటికి ఆయన మొదటిసారి వచ్చింది ఒక వానాకాలం పొద్దున, ఏదో ఫైలు ఇవ్వడానికి. నేను ముందువైపు బట్టలు ఆరేస్తున్నాను. ఆయన గేటు దగ్గరే ఆగిపోయారు.

"మేడం, ఈ దండెం ఎవరు కట్టిండ్రు?"

కిటికీ ఊచ నుంచి వసారా పైపు దాకా లాగిన ఇనుప తీగ అది. మా నాన్న కట్టారని చెప్పాను.

"నాన్నగారు ఉన్నరా?"

"లేరు. పోయి చాన ఏండ్లాయె."

"దండెంతోని కాదు గద?"

నాకు కోపం వచ్చింది. టైఫాయిడ్ అని చెప్పాను.

"అయితే బతికిపోయిండు" అన్నారు. అన్న తర్వాత ఆ మాట తనకే వినిపించినట్టుంది, తల గోక్కున్నారు. "అంటే, దీని చేతిల నుంచి అంటాన."

సంచిలోంచి ఆకుపచ్చ నైలాన్ తాడు చుట్ట తీశారు. దండెంగా ఇనుప తీగ కట్టుకున్న ఇల్లు ఎక్కడ కనబడుతుందోనని ఆ చుట్ట ఎప్పుడూ సంచిలోనే ఉంచుకునేవారట. పైనున్న సర్వీసు తీగ తొడుగు ఎక్కడో చిట్లడం, అది కిటికీ ఊచకో పైపుకో తగలడం, తడి బట్ట పట్టుకుని ఆడమనిషి నిలబడి ఉండటం, ఇంతే మేడం కావాల్సింది అన్నారు. తీగ తీసి తాడు కట్టేదాకా కాఫీ ముట్టలేదు. ముడులు వేయడం ఆయనకు చేతకాదు. రెండో వానకే తాడు సాగి నా చీరల అంచులు నేలకు తగిలాయి. విసుక్కుని నేను మళ్ళీ తీగ కట్టుకుంటానేమోనని నెలకోసారి ఏదో ఒక వంకతో వచ్చి గేటు బయటి నుంచే చూసి పోయేవారు.

ఆయన భయాలన్నీ సరైనవని నేను అనను. సంస్థ వార్షికోత్సవం నాడు వేదికకు చుట్టిన రంగు దీపాల మీద అనుమానం వచ్చి, అతిథులు కూర్చున్నాక, దీపాలన్నీ ఆర్పించారు. గంటసేపు ఒక్కో బల్బూ పట్టి చూశారు. ప్రిన్సిపాల్ పళ్ళు కొరుకుతూ అడిగారు.

"ఏమన్న దొరికిందా?"

"ఏం దొరకలే సార్."

"మరి గంట ఎందుకు ఆపినవయ్యా?"

"దొరకలేదని తెలిసేదాక ఆపిన సార్."

ఆ సంవత్సరం ఆయనకు ఏ కమిటీలోనూ పని ఇవ్వలేదు.

వాళ్ళింట్లో ఎవరైనా కరెంటుతో పోయారేమో, అందుకే ఇలా అయ్యారేమో అని నేనూ అనుకున్నాను. ఒకసారి అడిగాను. ఆయన నా వంక ఆశ్చర్యంగా చూశారు. "మా ఇంట్ల ఎవరు పోలే మేడం. పోయేదాక ఆగాల్నా?"

తరగతిలో మొదటి రెండు వారాలు పిల్లలను దేన్నీ ముట్టనిచ్చేవారు కాదు. ఆ పద్ధతి నాకు నచ్చేది కాదు. భయపెట్టి చదువు చెప్పడం చదువు కాదని నా అభిప్రాయం. నా ఒక్కదాని అభిప్రాయమే కాదు. పాలంపేట దగ్గరి ఒక ఊరి నుంచి వరి పండించే రైతు ఒకాయన బస్సు దిగి నేరుగా వర్క్‌షాపులోకి వచ్చాడు. ఆయన కూతురు రజిత ఆ ఆరు నెలల కోర్సు మొదటి బ్యాచ్‌లో చేరిన ఇద్దరు ఆడపిల్లల్లో ఒకతె. నేను వరండాలోనే ఉన్నాను.

"సారూ, కరెంటు కోర్సుల చేర్పిస్తె మా పిల్ల ఇంట్ల ఫ్యాను స్విచ్చు గూడ ముట్టుతలేదు. ఏం జేసిండ్రు మా పిల్లను?"

"ఎప్పటిసంది ముట్టుతలేదు?"

"వారమాయె."

"ఇంకో వారం ఆగు. గప్పుడు ముట్టుడు నేర్పుత."

"ముట్టుడు ఆమెకు పుట్టినకాన్నుంచి వచ్చు సారూ. మీ దగ్గరికి వచ్చినంకనే మరిచిపోయింది."

"అది మరిపిచ్చుటానికే రెండు వారాలు" అన్నారు ఆయన. ఆ రైతు ఇంకేదో అనబోయి, ఈయన ముఖం చూసి, మా బావి కాడి మోటారు స్టార్టరు ఒకసారి చూసి పొండి సారూ, దాన్ని ముట్టుకుంటె జివ్వుమంటాంది అని మొదలుపెట్టాడు. ఆదివారం ఈయన ఆ ఊరికి పోయి చూసి వచ్చారని తర్వాత తెలిసింది.

ఆయన గొంతు ఎప్పుడూ పెరిగేది కాదు. అది ఆయన స్వభావం కాదు, నియమం. తీగ దగ్గరున్న మనిషి మీద అరవకూడదు, ఉలిక్కిపడినవాడు చేతికందింది పట్టుకుంటాడు అనేవారు. కాబట్టి ఆయన వర్క్‌షాపులో అందరూ గుసగుసగా మాట్లాడుకునేవారు. కొత్తగా వచ్చినవాళ్ళు లోపల ప్రార్థన జరుగుతోందేమోనని బయటే చెప్పులు విప్పి నిలబడేవారు.

ఆయన నేర్పింది నిజానికి ఒక్కటే పని. దానికి ఆయన పెట్టుకున్న పేరు మూడు తాకుళ్ళు. హోల్డరులో ఒక బల్బు, దానికి రెండు తీగలు, అది పరీక్ష దీపం. పనిచేయబోయే లైనులో కరెంటు తీసేశామని అనుకున్నాక, ముందు ఆ దీపాన్ని కరెంటు ఉన్న చోట తాకించి వెలుగుతోందో లేదో చూడాలి. తర్వాత మనం పనిచేయబోయే తీగకు తాకించాలి. వెలగకపోతే మళ్ళీ కరెంటు ఉన్న చోటికి పోయి ఇంకోసారి వెలిగించి చూడాలి. మధ్యలో బల్బు మాడిపోయి ఉంటే, ఉన్న కరెంటును కూడా లేదని చెబుతుంది కదా. ఈ మూడూ అయ్యేదాకా రెండు చేతులూ జేబుల్లో ఉండాలి.

"కరెంటు లేదు అన్నోడు నీకు చుట్టమా?" అని అడిగేవారు పిల్లలను.

"కాదు సార్."

"చుట్టమైతె?"

"అయినా నమ్మొద్దు సార్."

"నేను చెప్తె?"

ఇక్కడ కొత్త పిల్లలు తడబడేవారు. పాత పిల్లలు నవ్వుతూ "మిమ్ముల గూడ నమ్మం సార్" అనేవారు. ఆ మాటకు ఆయన ముఖం వెలిగేది. నేను చూసినంతలో ఆయనకు సంతోషం కలిగించిన మాట అదొక్కటే.

ఆ మొదటి బ్యాచ్ నడుస్తుండగానే కోర్సుకు ప్రమాణాలు రాయడానికి హన్మకొండ సుబేదారిలోని ఒక ఆఫీసులో కమిటీ కూర్చునేది. ఏ అంశానికి ఎన్ని గంటలు, పరీక్షలో ఏది చేస్తే పాసు, ఏది చేయకపోతే ఫెయిలు, అన్నీ అక్కడ తేలాలి. గంటలు కూడే పని నాది. ఒకరోజు మధ్యాహ్నం ఆయన నా గదికి వచ్చి కూర్చోకుండా నిలబడ్డారు.

"మేడం, నాకు గంటలు గావాలె."

"ఎన్ని?"

"మీరే లెక్క జెయ్యండ్రి. ఒక్కొక్కరు మూడు తాకుళ్ళు చేసుటానికి పావుగంట. ఇరవై మంది."

"ఐదు గంటలు."

"అట్ల నాలుగుసార్లు."

"ఒక్కసారి చేస్తే తెలువదా సారు?"

"తెలుస్తది. తెలిసిందే గని చెయ్యికి రాదు. నాలుగుసార్లు చేస్తె చెయ్యి నేర్చుకుంటది."

"ఇరవై గంటలైతది. మొత్తం పెరగది సారు. మీకు ఇరవై ఇయ్యాలంటే ఇంకొకరి కాడ ఇరవై తియ్యాలె. ఎవరి కాడ తియ్యమంటరు?"

"అది మీ ఫికర్. నాది అడుగుడే" అని వెళ్ళిపోయారు. తలుపు గడియను వేళ్ళ వెనక వైపుతో తాకి మరీ.

కమిటీ అధ్యక్షుడు హైదరాబాదు నుంచి వచ్చే పెద్ద ఇంజినీరు. మర్యాదస్తుడు. ఇంత చిన్న విషయానికి ఇరవై గంటలా అన్నాడు. ఎలక్ట్రీషియన్ కోర్సులో చేరినవాడికి ఇది రెండో రోజే తెలుస్తుంది కదా, చెబితే చాలదా అన్నాడు. చివరికి, మీ వర్క్‌షాపుకే వస్తాం, చేయించి చూపించండి, అవసరమనిపిస్తే పెడదాం అన్నాడు.

మే నెల. మధ్యాహ్నం. వర్క్‌షాపు రేకుల షెడ్డు. అధ్యక్షుడు, కమిటీవాళ్ళు, మా బోధకులు వరసగా కుర్చీల్లో కూర్చున్నాం. ఎదురుగా గోడకు వైరింగు చేసిన చెక్క బోర్డు ఉంది. దాని నుంచి రెండు తీగల కొసలు తొడుగు ఒలిచి బయటికి వేలాడుతున్నాయి. అభ్యాసం చేయబోయేది రజిత. ఫికర్ సారు మెయిన్ స్విచ్చు దించి, ఫ్యూజు ఊడబీకి జేబులో వేసుకున్నారు. షెడ్డులో ఫ్యాన్లు ఆగిపోయాయి. నిమిషంలో అందరి మెడల మీద చెమట పట్టింది. అధ్యక్షుడు కాగితంతో విసురుకోవడం మొదలుపెట్టాడు.

మా అటెండరు యేసోబన్న ఇల్లు చూసుకున్నట్టు సంస్థను చూసుకునే మనిషి. అతిథి చెమటలు కక్కుతుంటే చూస్తూ ఊరుకోలేడు. ఆయన ఎప్పుడు బయటికి పోయాడో, ఎప్పుడు వచ్చాడో నేను గమనించలేదు. కాసేపటికి మా తల మీది ఫ్యాను తిరిగింది. హాయిగా అనిపించింది. అధ్యక్షుడు చేతిలోని కాగితం దించి, జేబురుమాలుతో ముఖం తుడుచుకుని నవ్వాడు. నేను కూడా చీర కొంగు సర్దుకుని కాస్త వెనక్కి వాలాను.

ఆ గదిలో ఉన్నవాళ్ళలో సగం మంది ఎలక్ట్రీషియన్లు. మిగిలినవాళ్ళు వాళ్ళకు చదువు చెప్పేవాళ్ళు, వాళ్ళకు ఏం చెప్పాలో నిర్ణయించేవాళ్ళు. మెయిన్ దించిన గదిలో, ఫ్యూజు ఒకరి జేబులో ఉన్న గదిలో, ఫ్యాను గాలికి మేమందరం చల్లబడుతున్నాం. ఒక్కరికీ తోచలేదు.

అధ్యక్షుడు గడియారం చూసుకున్నాడు. "మెయిన్ ఆఫ్ అయింది, అందరం చూశాం. టెస్టు అయిపోయినట్టే అనుకుందాం. ఆ రెండు కొసలు కలిపి జాయింటు ఎలా వేస్తుందో చూపించమనండి. మాకు బస్సుకు టైమవుతుంది."

పెద్దమనిషి చెప్పాడు. రజిత మా వైపు ఒకసారి చూసి, బోర్డు దగ్గరికి జరిగి, ఎడమ చెయ్యి తీగ వైపు చాపింది.

"రజితా" అన్నారు ఫికర్ సారు. మంచినీళ్ళు అడిగినట్టుగా అన్నారు.

"సార్."

"ఎడమ చెయ్యి జేబుల పెట్టుకో బిడ్డా."

పెట్టుకుంది.

"కుడిచెయ్యి గూడ."

పెట్టుకుంది.

"మెల్లగ రెండడుగులు ఎనుకకు రా."

ఆ పిల్ల వెనక్కి వచ్చింది. అధ్యక్షుడి ముఖంలో చిరాకు కనిపించింది. ఫికర్ సారు ఆయన వైపు చూడలేదు. "ఇప్పుడు దీపం తీసుకొని మూడు తాకుళ్ళు చెయ్యి. సార్లు బస్సుకు పోతె పోనీ."

మొదటి తాకుడు, మెయిన్ స్విచ్చుకు పైనున్న కొసల దగ్గర. అక్కడ వీధి కరెంటు ఎప్పుడూ ఉంటుంది. బల్బు వెలిగింది. రెండో తాకుడు, చెక్క బోర్డు నుంచి వేలాడుతున్న తీగలకు. బల్బు వెలిగింది.

మూడో తాకుడు ఎవరూ చేయలేదు. రజిత చేతిలో బల్బు అలా వెలుగుతూనే ఉంది. మా తల మీద ఫ్యాను తిరుగుతూనే ఉంది. అప్పుడు ఒక్కొక్కరమే తల పైకెత్తాం.

"నేనే సార్" అన్నాడు యేసోబన్న వెనక నుంచి. "సార్లకు ఉక్కపోస్తాందని ఆఫీసు ఇన్వర్టరుకెల్లి తీగ గుంజిన. ఫ్యాను కోసమే సార్. ఫ్యాను కోసమే."

గోడ మూల ప్లగ్గులో ఒక తీగ ఉంది. దానికి రెండు కొసలా ప్లగ్గులే. ఒకటి మా షెడ్డు గోడలో, ఇంకొకటి కిటికీ అవతల ఇన్వర్టరులో. అక్కడి నుంచి కరెంటు వెనక దారిన వచ్చి షెడ్డంతా నిండింది. ఫ్యానులోకి వచ్చినట్టే ఆ తొడుగు ఒలిచిన కొసల్లోకీ వచ్చింది. ఆ రెండు ప్లగ్గుల తీగను ఎప్పుడో తయారుచేసింది మా సంస్థ పిల్లలే.

ఫికర్ సారు పోయి ఇన్వర్టరు ఆపి తీగ పీకారు. యేసోబన్న భుజం మీద చెయ్యి వేశారు. ఆ తర్వాత గోడకు ఆనుకుని కింద కూర్చుండిపోయారు. టీ ఇస్తే పక్కన పెట్టారు. రజిత ఏడవలేదు. రెండు చేతులూ జేబుల్లోనే పెట్టుకుని, బస్సు టైమయ్యేదాకా తీయలేదు.

బస్సు కోసం ఎవరూ లేవలేదు. పరిశ్రమల సందర్శనకు పెట్టిన గంటల్లోంచి ఇరవై తీసి ఆయనకు ఇవ్వమని అధ్యక్షుడు నాతో అన్నాడు. చూపనివారు ఉత్తీర్ణులు కారు అనే వాక్యం ఆయనే తన చేత్తో రాశాడు.

తర్వాత రోజు నేను అడిగాను. "మీకు ఫ్యాను ఎప్పుడు కనిపించింది సారు?"

"కనిపియ్యలే మేడం." ఆయన నేల చూస్తూ అన్నారు. "గాలి నాకు గూడ తగిలింది. సల్లగ గూడ అనిపిచ్చింది. ఇరవై ఏండ్లసంది చెప్తాన, నాకు తోచలే."

"మరి ఎట్ల ఆపిండ్రు?"

"మూడు తాకుళ్ళు కాలే గద. అందుకే ఆపిన. ఫ్యాను సంగతి మీ అందరికి తెలిసినప్పుడే నాకు తెలిసింది."

ఆ రోజు నుంచి ఆయన భయం పెరిగింది. అందరి కళ్ళల్లో గెలిచిన మనిషి కదా, కాస్త ధైర్యంగా తిరుగుతాడని అనుకున్నాం. నిద్ర పట్టడం లేదని వాళ్ళావిడ నాతో చెప్పింది. తనకు తెలుసని ఆయన అంతకుముందు అనుకునేవారు. తెలిసి ఉండటం ఆ మధ్యాహ్నం దేనికీ పనికిరాలేదని చూశారు. రిటైరయ్యేదాకా ఆ ఇరవై గంటల్లో ఒక్కటీ ఎవరికీ వదలలేదు. తలనొప్పిగా ఉందని సెలవు పెట్టినా ఆ పీరియడుకు మాత్రం వచ్చి, పిల్లలందరూ చేశాక ఇంటికి పోయేవారు.

రజిత ఇప్పుడు పనిలో ఉంది. ములుగు వైపు ఇళ్ళకు సర్వీసు తీగలు లాగుతుంది. పదకొండో రోజు భోజనాల దగ్గర కనిపించింది. చాలామంది పాత పిల్లలు వచ్చారు. వాళ్ళందరినీ ఒకచోట చూసి, పంక్తిలో వడ్డన జరుగుతుంటే, నేను తలలు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను. ఏమిటి మేడం అని పక్కనున్నామె అడిగితే ఏం లేదన్నాను.

మర్నాడు వచ్చిన కవరులో ఒక గంట అని ఉంది.

ఇప్పుడు మా వీధిలో పగటి పూట కరెంటు పోతే మునుపటిలా ఉండదు. ఒక్క క్షణం అన్నీ ఆగి, వెంటనే ఇంటింటా ఇన్వర్టర్లు కూత వేస్తాయి. ఫ్యాన్లు మళ్ళీ తిరుగుతాయి. సరిగ్గా బిగించిన ఇన్వర్టరు వల్ల ఏ ప్రమాదమూ లేదు, ఇది ఆయనే నాకు చెప్పారు. సరిగ్గా బిగించనివి ఎన్ని ఉన్నాయో ఎవరికీ తెలియదు. ఏ ఇంట్లో ఏ యేసోబన్న చుట్టాల కోసం రెండు ప్లగ్గుల తీగ పెట్టాడో, ఏ ఇంటి కరెంటు వెనక దారిన స్తంభం మీది తీగలోకి ఎక్కుతోందో తెలియదు. కరెంటు పోయిన ప్రతిసారీ నేను వసారాలోకి వచ్చి మా మూల మీది స్తంభం వైపు చూస్తాను. దాని మీద మనిషి ఉంటే కిందికి దిగేదాకా లోపలికి పోలేను. గాలి బాగా వస్తున్న ఇళ్ళను చూస్తే భయం వేస్తోంది.

చిత్తుప్రతి మీద సంతకానికి సుబేదారి రమ్మన్నారు. పోయాను. ఇప్పుడు ఆ పని చూస్తున్నది ముప్పై దాటని అమ్మాయి. తెలివైనది, కష్టపడుతుంది, నాకు కుర్చీ తనే తెచ్చి వేసింది.

"టోటల్ కరెక్టేనా మేడం?"

"కరెక్టే."

"అయితే ఇక్కడ సైన్ చెయ్యండి."

"ఈ ఒక్క గంట ఏంది బిడ్డా?"

"అది థియరీనే కదా మేడం. వీడియో చాన మంచిగ చేసిండ్రు, మీరు చూడాలె. ఒక్కసారి చూస్తే ఎవరికైనా తెలుస్తది."

తెలుస్తుంది. నేను ఆ మధ్యాహ్నం సంగతి అంతా చెప్పాను. ఆ అమ్మాయి పెన్ను కింద పెట్టి విన్నది. విన్నాక చిత్తుప్రతి నా వైపు తిప్పింది.

"మీరే చెప్పండి మేడం, ఎక్కడ తియ్యాలె? సోలార్ తియ్యాల్నా? ఇప్పుడు పనులన్నీ అవే. కంప్యూటర్ తియ్యాల్నా? ఇంటర్వ్యూకు మాట్లాడుడు రాకుంటే పిల్లలకు నౌకరి వస్తదా? మొత్తం పెంచే పవర్ నాకు లేదు."

ఆమె అన్నదాంట్లో తప్పు లేదు. ప్రతి అంశం ఎదురుగా ఎవరో ఒకరు అడిగి పెట్టించుకున్న గంటలు ఉన్నాయి. అవసరం లేనిది ఒక్కటీ లేదు. పైనుంచి కిందికి రెండుసార్లు చదివాను. చివరన వర్క్‌షాపు లెక్కలు ఉన్నాయి.

"ఇక్కడ" అన్నాను.

"అది మీ సబ్జెక్టు మేడం."

"నా సబ్జెక్టే. రాసుకో."

"లెక్కలు తీసేస్తే వైరు సైజు తప్పుతరు మేడం. అదీ డేంజరే కదా."

మంచి ప్రశ్న. ఆయన ఉంటే మెచ్చుకునేవారు. "వైరు సైజుది ముట్టకు. లోడు లెక్క ముట్టకు. ఎత్తులు దూరాలు పాఠం పందొమ్మిది గంటలు ఉంది చూడు, అది తియ్యి."

ఆ పాఠం నేను ఆరుబయట చెప్పేదాన్ని. ఎండలో పిల్లలను నిలబెట్టి, స్తంభం నీడ కొలిపించి, నీడను బట్టి స్తంభం ఎత్తు కట్టించేదాన్ని. తాకకుండా, ఎక్కకుండా, నేల మీద నిలబడి అంత ఎత్తు తెలిసిందని పిల్లలు నోళ్ళు తెరిచేవారు. లెక్కలంటే పారిపోయేవాళ్ళు కూడా ఆ రోజు పారిపోయేవారు కాదు. నా ఉద్యోగంలో నాకు నచ్చిన గంటలు అవే.

"మరి స్తంభం ఎత్తు ఎట్ల తెలుస్తది మేడం వాళ్ళకు?" అని ఆ అమ్మాయి అడిగింది, కొట్టేయడానికి ఇష్టం లేక.

"ఎత్తు తెలువకున్నా ఎక్కుతరు బిడ్డా. దిగాలె గద."

ఆమె కొట్టేసి, ఆ పందొమ్మిదీ ఆ ఒక్క గంటకు కలిపి, కింద పాత వాక్యం మళ్ళీ రాసింది. నేను గంటలన్నీ మళ్ళీ కూడి చూశాను. సరిపోయింది. సంతకం పెట్టాను. ఆ కాగితానికి హైదరాబాదు నుంచి ఆమోదం రావాలి. ఇంకా రాలేదు. ఈలోగా కొత్త బ్యాచ్ చేరింది. పాత ప్రతి రద్దయింది కాబట్టి, ఆమోదం వచ్చేదాకా ముందే అన్ని సంస్థలకూ పంపిన ఒక గంట చిత్తుప్రతి ప్రకారమే చెబుతున్నారని విన్నాను. మొదటి నెల తీగల రకాలు, జాయింట్లు. రెండో నెల ఇంటి లోపలి వైరింగు. మూడో నెలలో స్తంభాల దగ్గరికి తీసుకుపోతారు.

ఇప్పుడు రెండో నెల నడుస్తోంది.